డిమ్మర్ కొనే ముందు లైటు డబ్బా చదవండి



ఈ రెండు నెలల్లో మన గ్రూపులో ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చింది. పెరంబూరులో ఫ్లాటు బాగుచేయించుకుంటున్న వాళ్ళు ఒకరు, అంబత్తూరులో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళు ఒకరు, అమ్మానాన్నల కోసం కింది పోర్షను సరిచేయిస్తున్న మడిపాక్కం వాళ్ళు ఒకరు. ముగ్గురూ అడిగింది ఒకటే. "సీలింగులో ఎల్‌ఈడీ డౌన్‌లైట్లు పెట్టిస్తున్నాం, ఏ డిమ్మర్ మంచిది?" జవాబులకు కొదవ లేదు. ఒకరు ఒక కంపెనీ పేరు చెప్పారు. ఇంకొకరు దాన్ని కొట్టిపారేసి ఇంకో కంపెనీ పేరు చెప్పారు. మూడో వారు "అన్నీ దండగ ఖర్చులు, మామూలు స్విచ్ చాలు" అని తేల్చేశారు. మీ లైటు డబ్బా మీద ఏం రాసి ఉంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మేమూ ఒకప్పుడు అడగలేదు. అడగనందుకు మా అమ్మ చెయ్యి విరిగింది. అందుకే ఇది ఇంత పొడుగ్గా రాస్తున్నాం. ఓపిక ఉన్నవాళ్ళు కాఫీ కలుపుకుని కూర్చోండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం, చివరిదాకా దాచడం ఎందుకు. డిమ్మర్‌ను మనం స్విచ్ బోర్డు సామానుతో కలిపి కొంటున్నాం. దాన్ని లైటుతో జతగా కొనాలి. జత కుదరకపోతే ఎంత పేరున్న డిమ్మర్ అయినా చెత్తబుట్టకే. ఇక రెండో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. పెద్దవాళ్ళున్న ఇంట్లో రాత్రిపూట వెలుతురును డిమ్మర్‌కు అప్పగించకూడదు. దానికి విడిగా ఒక లైను, విడిగా ఒక చిన్న దీపం ఉండి తీరాలి.

మూడేళ్ళ కింద మా ఇంట్లో ఫాల్స్ సీలింగు వేయించాం. హాల్లో 8 వాట్ల లైట్లు ఎనిమిది, అమ్మ గదిలో 6 వాట్లవి నాలుగు. సీలింగు కుర్రాడు చెప్పిన లెక్క అది, మేము తల ఊపాం. అమ్మకు అప్పటికి ఎనభై నాలుగు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయి కొన్ని నెలలే అయింది. ఎదురుగా గట్టి వెలుతురు ఉంటే ఓర్చుకోలేదు, చీకటైతే నడవలేదు. అందుకని ఆవిడ గదికీ హాలుకీ డిమ్మర్లు పెట్టిద్దామని మేమే పారీస్ కార్నర్‌కు వెళ్ళి మూడు కొనుక్కొచ్చాం, ఒకటి ఎక్కువే ఉండనీ అని. కొట్టతను డబ్బా మీద 400 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉన్నది చూపించి, "మీ లైట్లన్నీ కలిపినా వందే కదా సార్, దర్జాగా లాగుతుంది" అన్నాడు. కూడికలు, తీసివేతలు చేసే ఉద్యోగం నుంచి వచ్చిన వాళ్ళం కదా, లెక్క సరిపోయిందని సంతోషపడ్డాం. డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో కనిష్ఠం 60 వాట్లు అనీ, ఫిలమెంటు బల్బులకు అనీ ఉంది. అది తర్వాత చదివాం.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను, ఈ లైట్లకు ఈ డిమ్మర్ సరిపోతుందా తంబీ అని అడిగాం. "ఎల్లాం ఒన్నుదాన్ సార్" అన్నాడు. అన్నీ ఒకటే అట. లైటు డబ్బా మీద డిమ్మబుల్ కాదు అని స్పష్టంగా అచ్చేసి ఉంది. ఆ డబ్బాలు అతని కాళ్ళ దగ్గరే పడి ఉన్నాయి, మా కాళ్ళ దగ్గర కూడా.

వారం తిరక్కుండా అమ్మ "దీపం వణుకుతోంది" అనడం మొదలుపెట్టింది. మేము పైకి చూస్తే ఏమీ తెలియలేదు. ఆపరేషన్ అయిన కళ్ళు కదా, అందుకే అలా ఉందనుకున్నాం. ఆటో కట్టించుకుని కళ్ళ డాక్టరు దగ్గరకు రెండుసార్లు తీసుకెళ్ళాం. కళ్ళు బాగానే ఉన్నాయన్నారు, చుక్కలు రాసిచ్చారు. తర్వాత అమ్మ ఆ మాట అనడం మానేసింది. చుక్కలు పని చేశాయనుకున్నాం. ఒక రాత్రి రెండున్నరకు చప్పుడైతే లేచి చూశాం. బాత్రూము గడప దగ్గర పడిపోయి ఉంది. ఎడమ మణికట్టు విరిగింది. గదిలో లైటు లేదు. ఆస్పత్రిలో కట్టు కట్టే ఆయన "లైటు వేసుకోలేదామ్మా?" అని అడిగితే, "వేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి నాయనా, గోడ పట్టుకునే పోతుంటాను" అంది. ఎన్నాళ్ళుగా పోతోందో మేము అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మర్నాటి రాత్రి ఆ మంచం మీద మేము పడుకుని, డిమ్మర్ తగ్గించి, పైకి చూశాం. నిలబడి ఒక్క క్షణం చూస్తే తెలియనిది, పడుకుని అయిదు నిమిషాలు చూస్తే తెలిసింది. నాలుగు లైట్లూ చేపపిల్లల్లాగా కొట్టుకుంటున్నాయి. మాకే తలనొప్పి వచ్చింది.

అప్పటి నుంచి ఈ విషయం పట్టుకుని తెలిసిన వాళ్ళందరినీ అడిగాం, డబ్బాల మీద అక్షరాలు భూతద్దం పెట్టి చదివాం. మాది గుమాస్తా ఉద్యోగం, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంటు కాదు. అయినా మాకు అర్థమైనంత వరకు చెబుతాం.

మన ఇంటికొచ్చే కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. అంటే సెకనుకు యాభైసార్లు పైకి లేచి కిందికి పోయే అల. ఒక్కో అలలో రెండు సగాలు. మామూలు డిమ్మర్ చేసేదల్లా ప్రతి సగంలోనూ కొంత ముక్క కోసేయడమే. అంటే సెకనుకు వందసార్లు కరెంటును ఆపి మళ్ళీ ఇస్తుంది. పాత బల్బుకు దీంతో పేచీ లేదు. దాని తీగ ఎర్రగా కాలుతూ ఉంటుంది, సెకనులో వందో వంతు కరెంటు ఆగితే చల్లారిపోదు. ఎల్‌ఈడీ అలా కాదు. దానికి వెనక డ్రైవర్ అని చిన్న పెట్టె ఉంటుంది (మన రైలు డ్రైవర్ కాదు, అంత జీతం లేదు). వచ్చే కరెంటు కొంచెం అటూ ఇటూ అయినా ఎల్‌ఈడీకి పోయే కరెంటును ఒకే తీరుగా ఉంచడం దాని పని. వోల్టేజీ తగ్గితే ఎక్కువ కరెంటు లాక్కుని సరిచేస్తుంది. ఇప్పుడు చూడండి. డిమ్మర్ తగ్గించాలని చూస్తుంది, డ్రైవర్ తగ్గనివ్వకూడదని చూస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానుల కథ. ఆ పోట్లాటే మనకు వణుకుగా, బోర్డులో గీ మనే చప్పుడుగా కనబడుతుంది. చివరికి డ్రైవర్ కాలిపోతుంది.

డిమ్మబుల్ అని రాసి ఉన్న లైటులో డ్రైవర్‌కు ఆ కోతను అర్థం చేసుకునే చదువు చెప్పి ఉంటారు. కోత ఎంత ఉందో చూసి ఎల్‌ఈడీకి కరెంటు అంత తగ్గిస్తుంది. కాబట్టి మొదట కొనాల్సింది డిమ్మబుల్ లైటు. ఆ లైటు డబ్బా మీదో, కంపెనీ కాగితంలోనో ఏ రకం డిమ్మర్‌తో పని చేస్తుందో రాసి ఉంటుంది. లీడింగ్ ఎడ్జ్ అంటే అల ముందు భాగాన్ని కోసేది. ట్రెయిలింగ్ ఎడ్జ్ అంటే వెనక భాగాన్ని కోసేది. పాత బల్బుల కాలం నుంచి వస్తున్న చవక డిమ్మర్లు దాదాపు అన్నీ మొదటి రకం. ఎల్‌ఈడీ లైట్లకు ఎక్కువ భాగం రెండో రకమే నెమ్మదిగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. ధర ఎక్కువే. కానీ లైటు కంపెనీ మొదటి రకమే పెట్టమంటే అదే పెట్టండి. ఇందులో మన తెలివి చూపించనక్కర్లేదు.

వాట్ల లెక్క దగ్గర మేము పడిన గుంటలో మీరు పడకండి. 400 వాట్ల పాత డిమ్మర్ మీద 400 వాట్ల ఎల్‌ఈడీలు వేయకూడదు. అందులో పదో వంతు, అంటే 40 వాట్లు, అని చేతి లెక్క ఒకటుంది. ఎల్‌ఈడీ డ్రైవర్లు కరెంటును గుక్కలు గుక్కలుగా తాగుతాయి, అందుకని. అసలు ప్రమాదం ఇంకో వైపు నుంచి. ప్రతి డిమ్మర్‌కు ఒక కనిష్ఠం ఉంటుంది. అంతకన్నా తక్కువ భారం ఉంటే అది కుదురుగా నిలబడలేదు. మా అమ్మ గదిలో నాలుగు ఆర్లు ఇరవై నాలుగు వాట్లు, డిమ్మర్ కోరింది 60. పాత రోజుల్లో ఒక్క బల్బే 60 వాట్లు కాబట్టి ఈ చిక్కు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు గది అంతా కలిపినా అందులో సగం లేదు. డబ్బా మీద ఎల్‌ఈడీకి అని విడిగా, ఎంత నుంచి ఎంత వరకు అని రెండు అంకెలూ ఉన్న డిమ్మరే కొనండి. 5 నుంచి 100 వాట్ల వరకు అన్నట్టు ఉంటుంది. రెండు అంకెలు లేకపోతే కొట్టులోనే పెట్టేసి రండి.

ఇక్కడ ఒక తమాషా. వణుకు సంగతి చెప్పి పిలిస్తే వచ్చిన రెండో ఎలక్ట్రీషియన్, అదే లైనులో ఒక జీరో వాట్ బల్బు తగిలించండి, సర్దుకుంటుంది అన్నాడు. కొంచెం సర్దుకుంది కూడా. ఎందుకంటే ఆ పాత జీరో వాట్ బల్బు పేరుకే జీరో, అది తినేది 12 నుంచి 15 వాట్లు. మీటరుకు అది కనబడేది కాదు కాబట్టి ఆ పేరు వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. అంటే ఎల్‌ఈడీలు పెట్టి కరెంటు మిగిల్చి, ఆ మిగిల్చిన దాన్ని ఒక బల్బుకు మేత వేయమన్న మాట. ఆ పని చేయకండి.

అంతకన్నా ఘోరం ఫ్యాను రెగ్యులేటర్. మాడ్యులర్ ప్లేటులో డిమ్మరూ రెగ్యులేటరూ కవల పిల్లల్లా ఉంటాయి, అదే గుండ్రటి బిళ్ళ, అదే సైజు. మన సభ్యుల ఇళ్ళల్లోనే రెండు చోట్ల లైట్ల లైనుకు రెగ్యులేటర్ బిగించి ఉండటం కళ్ళారా చూశాం. ఈ కాలపు అయిదు అడుగుల రెగ్యులేటర్ లోపల ఉండేవి కెపాసిటర్లు, ఫ్యాను మోటారు కోసం లెక్క కట్టినవి. వాటికీ ఎల్‌ఈడీ డ్రైవర్‌కూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. బిళ్ళ పక్కన ఫ్యాను బొమ్మ ఉందా, బల్బు బొమ్మ ఉందా చూడండి.

డిమ్మర్ పెడితే కరెంటు మిగులుతుందని మన గ్రూపులో ఒకరు రాశారు. మిగులుతుంది, కాదనం. ఎంతో చూద్దాం. మా హాల్లో ఎనిమిది ఎనిమిదులు 64 వాట్లు. రోజుకు అయిదు గంటలు వెలిగితే 0.32 యూనిట్లు. మన ఈబీ బిల్లు రెండు నెలలకోసారి కాబట్టి అరవై రోజులకు 19.2 యూనిట్లు. ఎప్పుడూ సగానికే తగ్గించి ఉంచామనుకున్నా మిగిలేది పది యూనిట్లు కూడా కాదు. మొదటి వంద యూనిట్లు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న రాష్ట్రంలో ఇది ఏ మూలకు? డిమ్మర్ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. కరెంటు మిగలాలంటే పన్నెండు లైట్ల చోట ఎనిమిది పెట్టించుకోండి. గృహప్రవేశం ఫోటోలో సీలింగు నక్షత్రాల్లా మెరవాలని మనవాళ్ళకు ఒక సరదా. ఆ ఫోటో అయిపోయాక అన్ని లైట్లూ వేసే ఇల్లు మాకు ఒక్కటీ కనబడలేదు.

మరి దండగ ఖర్చా అంటే, ఆ మాట కూడా ఒప్పుకోం. "మన తాతలకు డిమ్మర్లు ఉన్నాయా?" అని ఆ సభ్యుడు అడిగారు. ఉన్నాయి సార్. లాంతరు పక్కన చిన్న చక్రం ఉండేది, గుర్తుందా? చదువుకునేటప్పుడు వత్తి పెంచేవాళ్ళు, పడుకునేటప్పుడు వత్తి తగ్గించి గుమ్మం దగ్గర పెట్టేవాళ్ళు. కరెంటు వచ్చాకే ఆ సౌకర్యం పోయింది, వేస్తే పూర్తిగా, ఆర్పితే పూర్తిగా. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ళ వాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ళ వాడికి చేరేది సుమారు మూడో వంతే. అందుకని మనలాంటి వాళ్ళకు పేపరు చదవడానికీ, ఆకుకూర గిల్లుకోవడానికీ వెలుతురు ఎక్కువే కావాలి. అదే కంటికి గట్టి దీపం నేరుగా తగిలితే తట్టుకోలేదు. ఒకే గదిలో ఏడు గంటలకు ఒక వెలుతురు, తొమ్మిదిన్నరకు ఇంకొకటి కావాల్సింది ఈ వయసు వాళ్ళకే. టీవీ చూసే హాలుకు, పెద్దవాళ్ళు కూర్చునే చోటుకు డిమ్మర్ సరైన ఖర్చే. వంటింటికి, బాత్రూముకు, మెట్లకు అక్కర్లేదు. అక్కడ ఎప్పుడూ నిండు వెలుతురే కావాలి.

కానీ రాత్రి దీపం సంగతి వేరు. ఇది కొంచెం ఓపికగా చదవండి. మన కన్ను వెలుతురును మీటరు కొలిచినట్టు కొలవదు. మీటరులో వెలుతురు నాలుగో వంతుకు పడిపోతే మన కంటికి సగమే తగ్గినట్టు కనిపిస్తుంది. చవక జతలు చాలా వరకు 20 శాతం కిందికి దిగవు, దిగితే వణుకుతాయి. 20 శాతం అంటే కంటికి దాదాపు సగం వెలుతురు. అర్ధరాత్రి లేచిన మనిషికి అది రాత్రి దీపం కాదు, కళ్ళల్లోకి టార్చి వేసినట్టు ఉంటుంది. పైగా డౌన్‌లైటు నెత్తి మీద ఉంటుంది, పడుకున్న మనిషి కళ్ళకు సరిగ్గా ఎదురుగా. పాత బల్బును తగ్గిస్తే ఎర్రబడి దీపంలా ఉండేది, ఎల్‌ఈడీ తగ్గినా రంగు మారదు. మన ఇళ్ళల్లో అందరికీ ఇష్టమైన 6500 కెల్విన్ తెల్ల లైటును తగ్గించి చూడండి, గదంతా బూడిద చల్లినట్టు ఉంటుంది. డిమ్మర్ పెట్టే గదికి 3000 కెల్విన్, లేదంటే 2700, వార్మ్ వైట్ అని రాసి ఉన్నవే తీసుకోండి. తగ్గిస్తే రంగు కూడా పసుపెక్కే లైట్లు ఉన్నాయి, ధర చూసి మేము వెనక్కి వచ్చేశాం.

రైల్లో స్లీపర్ పెట్టె గుర్తు తెచ్చుకోండి. రాత్రి పది దాటితే పెద్ద లైట్లు ఆర్పేస్తాం. నీలం నైట్ ల్యాంపు వెలుగుతూ ఉంటుంది. దానికి స్విచ్ వేరు. డెబ్బై మందికి పైగా పడుకునే పెట్టెలో, ముసలివాళ్ళు పై బెర్తు దిగి నడిచి పోవాల్సిన చోట, రైల్వే వాళ్ళు పెద్ద లైటునే తగ్గించి సరిపెట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ నీలం దీపాన్ని చూస్తూనే ఉన్నాం, ఇంటికి తెచ్చుకోవాలని మాత్రం తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏముందో చెబుతాం. అమ్మ గదిలో డిమ్మర్ తీసేశాం. నాలుగు లైట్లను రెండు స్విచ్‌లకు విడగొట్టించాం, మంచం మీదివి రెండు ఒకటికి, బీరువా వైపువి రెండు ఒకటికి. మంచం నుంచి బాత్రూము దాకా గోడకు అడుగు ఎత్తులో అర వాటు ఎల్‌ఈడీ నైట్ ల్యాంపులు మూడు పెట్టించాం. అవి సాయంత్రం వేస్తే తెల్లారే దాకా వెలుగుతాయి. మూడూ కలిపి నెలకు అర యూనిట్ తింటాయి. నేల కనబడుతుంది, దీపం కళ్ళల్లో పడదు. ఈ లైను ఇన్వర్టర్ మీద ఉంది, కరెంటు పోయినా ఆరవు. ఇంతకీ దీనికి అయిన ఖర్చు, మేము పారేసిన ఒక డిమ్మర్ ధర కన్నా తక్కువ.

హాల్లో మాత్రం డిమ్మర్ ఉంచుకున్నాం. ఈసారి ముందు లైట్లు ఎంచుకున్నాం, 3000 కెల్విన్, డిమ్మబుల్ అని ఉన్నవి. ఒక్క లైటు, ఒక్క డిమ్మర్ కొట్టులోనే వైరు కలిపి వెలిగించి చూపించమన్నాం. కొట్టతను ముఖం మాడ్చుకున్నాడు, అయినా చూపించాడు. కింది దాకా తగ్గించి, సెల్‌ఫోను కెమెరా దగ్గరగా పెట్టి చూశాం. తెర మీద నల్ల చారలు గట్టిగా పరుగెడితే ఆ జత వద్దు. ఇది ముతక పరీక్షే, కానీ మన కంటికి అందని వణుకును కొంత పట్టిస్తుంది. కనిష్ఠం వాట్లు అందకపోతే ఒక్క లైటుతో చూసినప్పుడు వణకవచ్చు, అప్పుడు రెండు మూడు కలిపి చూడాలి. సీలింగులో కన్నాలు కోసేది ఇదంతా అయ్యాకే.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీరు చేయకండి, లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్‌తోనే చేయించండి. ఎంసీబీ దించి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టనివ్వండి. ఒక డిమ్మర్ మీద అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ లైట్లు ఉండాలి. ఏడు డిమ్మబుల్, ఒకటి కానిది అయితే ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అవుతుంది. ఆ లైనులో ఫ్యాను గానీ ప్లగ్ పాయింటు గానీ ఉండకూడదు. రెండు చోట్ల నుంచి వేసే టూవే లైను అయితే ఒక వైపే డిమ్మర్, రెండో వైపు మామూలు టూవే స్విచ్. రెండు వైపులా డిమ్మర్ పెడితే పని చేయదు. ఆ ఒక డిమ్మర్ కూడా టూవేకు పనికొస్తుందని రాసి ఉండాలి. కొన్ని మంచి డిమ్మర్లలో కనిష్ఠం సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. అన్నిటికన్నా తక్కువలో పెట్టి ఆర్పి వేస్తే ఎనిమిది లైట్లూ వెలిగేలా దాన్ని తిప్పించుకోండి, లేకపోతే నాలుగు వెలిగి నాలుగు మొండికేస్తాయి. పని చేసేటప్పుడు డిమ్మర్ కొంచెం వెచ్చబడటం మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడి మామూలు కాదు. కిక్కిరిసిన బోర్డులో రెండు డిమ్మర్లు ఆనుకుని పెట్టించకండి.

ఇన్వర్టర్ సంగతి చాలామందికి తెలియదు. 2012 చుట్టుపక్కల మన తమిళనాట గంటలు గంటలు కరెంటు పోయిన రోజుల్లో కొన్న ఇన్వర్టర్లలో చాలా భాగం స్క్వేర్ వేవ్ రకం. వాటి నుంచి వచ్చేది నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. డిమ్మర్ కోత అంతా నున్నటి అల మీద లెక్క కట్టింది. అలాంటి ఇన్వర్టర్ మీద డిమ్మర్ లైను పెడితే గోల చేస్తుంది, డ్రైవర్లూ పాడవుతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ లేకపోతే డిమ్మర్ లైనును మెయిన్ కరెంటు మీదే ఉంచేయండి.

ఫోనుతో, మాటతో తగ్గే వైఫై లైట్ల గురించి అమెరికాలో ఉన్న పిల్లలు చెబుతుంటారు. వాటిలో తగ్గించే ఏర్పాటు లోపలే ఉంటుంది, గోడకు డిమ్మర్ పెట్టనే కూడదు. కానీ గోడ స్విచ్ ఆర్పేస్తే ఆ లైటు ఏ మాటా వినదు. పెద్దవాళ్ళ చెయ్యి పోయేది గోడ స్విచ్ మీదికే. అద్దె ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు, స్విచ్ ఆర్పి వేస్తే మెట్లు మెట్లుగా తగ్గే బల్బులు దొరుకుతాయి, హోల్డరులో పెట్టుకుంటే సరిపోతుంది. వాటికీ డిమ్మర్ కలపకూడదు.

మడిపాక్కం సభ్యులకు ఒక మాట. మీ అమ్మగారి గది వైరింగు ఇంకా పూత కిందికి పోలేదని రాశారు. ఈ వారంలోనే ఒక పైపు ఎక్కువ వేయించి, కింద గోడకు నైట్ ల్యాంపు పాయింట్లు పెట్టించండి. డిమ్మర్ ఏదో నిదానంగా చూసుకోవచ్చు, పూత అయ్యాక గోడ పగలగొట్టడం కష్టం. ఇంకో మాట, ఇంట్లో పెద్దవాళ్ళు దీపం వణుకుతోందంటే డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు వాళ్ళ మంచం మీద ఒకసారి మీరు పడుకుని చూడండి.

మా అమ్మకు ఇప్పుడు ఎనభై ఏడు. చెయ్యి అతుక్కుంది, పూర్తిగా తిరగదు. నైట్ ల్యాంపుల వెలుగు ఎలా ఉందని అడిగితే, "దీనికింత సీలింగు ఎందుకు పెట్టించారు మరి" అంది.

మా దగ్గర 400 వాట్ల డిమ్మర్లు మూడు అలాగే డబ్బాల్లో ఉన్నాయి. దేవుడి గదిలో గానీ వరండాలో గానీ పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇంకా వాడుతున్న వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వచ్చే ఆదివారం మీటింగుకు తెచ్చిస్తాం. ఎల్‌ఈడీ ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వం.